మూడేళ్లకోసారి ఖాళీ అయ్యే ఇల్లు

"మా పాప కాలేజీలో ఏదో క్లబ్బులో చేరిందట బాబూ. ఏటుంటాది దాన్లో? చదువు పాడవదు గదా?"

కవిటి వైపు నుంచి జీడిపిక్కల బేరానికి కాశీబుగ్గ వచ్చిన ఒక తల్లి ఆ మధ్య నన్నడిగిన మాట ఇది. క్లబ్బు అనగానే పేకాట గుర్తొచ్చే తరం ఆమెది. ఆమెను తప్పుపట్టలేం. మన ఊళ్లలో చాలాకాలం ఆ పదానికి ఉన్న అర్థం అదే. అందుకే ఆమెకు చెప్పిన జవాబునే ఇంకాస్త విడమరిచి ఇక్కడ రాస్తున్నాను. పలాస, టెక్కలి, సోంపేట, ఇచ్ఛాపురం కాలేజీల్లో పిల్లలున్న ఇళ్లకు పనికొస్తుంది. క్లబ్బులో ఇప్పుడే పేరిచ్చిన పిల్లలకు ఇంకా ఎక్కువ పనికొస్తుంది.

ముందు ఒక తికమక తీర్చుకుందాం. విద్యార్థి క్లబ్బు వేరు, విద్యార్థి యూనియన్ వేరు. యూనియన్ అంటే కాలేజీలో చదివే అందరి తరఫునా యాజమాన్యంతో మాట్లాడే సంఘం. క్లబ్బు అంటే ఒక పని మీద ఇష్టం ఉన్నవాళ్లు స్వచ్ఛందంగా చేరే గుంపు. మన డిగ్రీ కాలేజీల్లో కనిపించే రెడ్ రిబ్బన్ క్లబ్బు, ఎకో క్లబ్బు, వినియోగదారుల క్లబ్బు, సబ్జెక్టుకొకటి చొప్పున ఉండే అసోసియేషన్లు, ఇంజినీరింగ్ కాలేజీల్లోని టెక్నికల్ క్లబ్బులు అన్నీ ఈ రెండో కోవలోవి. వీటన్నిటిలో పెద్దదీ, రాతపూర్వకమైన నిబంధనలు గట్టిగా ఉన్నదీ జాతీయ సేవా పథకం. అందరికీ తెలిసిన పేరు ఎన్‌ఎస్‌ఎస్. కచ్చితంగా చెప్పాలంటే అది క్లబ్బు కాదు, కేంద్ర ప్రభుత్వ పథకం. కానీ విద్యార్థుల గుంపును ఎలా నడపాలో అంకెలతో సహా రాసిపెట్టిన పుస్తకం దానికుంది కాబట్టి మిగతా క్లబ్బులను కొలవడానికి కూడా దాన్నే కుంచంగా వాడుకుందాం.

దాని పుట్టుక గురించి రెండు ముక్కలు. చదువుకునే పిల్లలు స్వచ్ఛందంగా దేశసేవ చేసే ఏర్పాటు ఉండాలని స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో విశ్వవిద్యాలయ విద్యా కమిషన్ సూచించింది. ఆ కమిషన్‌కు అధ్యక్షుడు సర్వేపల్లి రాధాకృష్ణన్. 1931 నుంచి 1936 దాకా ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఉపకులపతిగా ఉన్నది కూడా ఆయనే. ఆ సూచన అమలులోకి రావడానికి ఇరవై ఏళ్లు పట్టింది. గాంధీ శతజయంతి ఏడాదిలో, 1969 సెప్టెంబరు 24న, 37 విశ్వవిద్యాలయాల్లో 40 వేల మంది విద్యార్థులతో ఎన్‌ఎస్‌ఎస్ మొదలైంది. దాని గుర్తు కోణార్క్ రథచక్రం. మన ఇచ్ఛాపురం దాటి అదే తీరం వెంట పైకి పోతే వచ్చే గుడి అది. చక్రంలోని ఎనిమిది ఆకులు రోజులోని ఎనిమిది జాములకు గుర్తు. అంటే 24 గంటలూ సిద్ధం అని భావం. ఇంట్లోవాళ్లు భయపడకండి, నిజంగా అడిగేది అంత కాదు.

ఎంత అడుగుతుంది? ఏడాదికి 120 గంటలు, రెండేళ్లకు 240 గంటలు. రోజుకు ఎనిమిది గంటల కూలి లెక్కన చూస్తే 240 గంటలంటే 30 రోజుల పని. రెండేళ్లలో ఒక నెల అన్నమాట. ఏడాదిలో కాలేజీ నడిచే వారాలు ముప్పై అనుకుంటే వారానికి నాలుగు గంటలు, అంటే ఒక పూట. ఆ 120 గంటల్ని కూడా విడగొట్టి పెట్టారు. 20 గంటలు అవగాహన తరగతులకు, 30 గంటలు కాలేజీ ఆవరణలో పనికి, మిగిలిన 70 గంటలు దత్తత తీసుకున్న ఊళ్లో పనికి. ఇవి కాక రెండేళ్లలో ఒకసారి ఏడు రోజుల ప్రత్యేక శిబిరం ఉంటుంది. అక్కడే తిని అక్కడే పడుకోవాలి. 240 గంటలు పూర్తిచేసి, ఒక శిబిరానికి వెళ్లినవాళ్లకే సర్టిఫికెట్.

ఇక్కడ చాలామంది తల్లిదండ్రులు ఇంకో లెక్కతో కలిపేసుకుంటారు. డిగ్రీలో కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు అని 180 గంటలది ఒకటుంది. అది చదువులో భాగం, చేయకపోతే క్రెడిట్లు రావు, అంటే డిగ్రీ పూర్తికాదు. ఎన్‌ఎస్‌ఎస్ అలా కాదు, ఇష్టపడి చేరేది. "నేను ప్రాజెక్టు చేసేశాను కదా, ఎన్‌ఎస్‌ఎస్ గంటలు కూడా అందులోనే రాసేయండి సార్" అని అడిగే పిల్లలు ఏటా ఉంటారు. ఒకే కోడిని రెండు సంతల్లో అమ్మినట్టు ఉంటుంది ఆ బేరం.

సరే, దీనికి పెద్ద ఎవరు? పైన కేంద్ర యువజన వ్యవహారాల, క్రీడల శాఖ. రాష్ట్రంలో ఒక అధికారి. విశ్వవిద్యాలయంలో ఉపకులపతి అధ్యక్షతన సలహా సంఘం, ఒక సమన్వయకర్త. మన జిల్లా డిగ్రీ కాలేజీలకు ఆ విశ్వవిద్యాలయం ఎచ్చెర్లలోని డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ విశ్వవిద్యాలయం. 2008లో అది ఏర్పడేదాకా పలాస పిల్లల డిగ్రీ పట్టాల మీద ఆంధ్ర విశ్వవిద్యాలయం ముద్రే ఉండేది. టెక్కలి ఐతమ్ లాంటి ఇంజినీరింగ్ కాలేజీలు విజయనగరం జేఎన్‌టీయూ కిందికి వస్తాయి. కాలేజీ దగ్గరికి వచ్చేసరికి ప్రిన్సిపాల్, ఆయన కింద ప్రోగ్రామ్ ఆఫీసర్. పిల్లల నోట్లో 'పీఓ సార్' అంటే ఈయనే. పాఠం చెప్పే లెక్చరరే ఈ పనికూడా చూస్తాడు. ఒక పీఓకు ఒక యూనిట్. యూనిట్ అంటే 100 మంది వలంటీర్లు.

పీఓగా ఒకరు ఉండగలిగేది మూడేళ్లు, పొడిగిస్తే ఇంకో ఏడాది, అంతే. ఈ నిబంధన మీద లెక్చరర్లలోనే గొణుగుడు ఉంది. బాగా పనిచేసేవాణ్ణి ఎందుకు మార్చాలి అంటారు. నాకైతే అది మంచి నిబంధనే అనిపిస్తుంది. పదేళ్లు ఒకరే ఉంటే యూనిట్ కాలేజీది కాకుండా ఆ సార్‌ది అయిపోతుంది. ఆయన బదిలీ అయిన రోజున దాని పని కూడా అయిపోతుంది.

కాలేజీ స్థాయిలో కూడా ఒక సలహా సంఘం ఉండాలని నిబంధన. ప్రిన్సిపాల్ అధ్యక్షుడు, పీఓ కార్యదర్శి. వాళ్లతోపాటు దత్తత గ్రామం నుంచి ఒక పెద్దమనిషి, అభివృద్ధి శాఖల వాళ్లు, ఇద్దరు విద్యార్థి నాయకులు. ఆ ఇద్దరు విద్యార్థుల కుర్చీలే నా దృష్టిలో ముఖ్యమైనవి. వంద మంది పనిచేస్తుంటే ఆ వంద మంది మాటా ఆ రెండు నోళ్ల గుండానే బల్ల మీదికి రావాలి. వాళ్లు సమావేశంలో టీ కప్పులు అందిస్తున్నారా, మాట్లాడుతున్నారా అన్నది చూస్తే ఆ యూనిట్ ఆరోగ్యం తెలిసిపోతుంది.

మరి ఆ నాయకుల్ని పిల్లలు ఓటేసి ఎన్నుకుంటారా? ఎన్‌ఎస్‌ఎస్‌లో మామూలుగా ఎంపికే గానీ ఎన్నిక కాదు. మిగతా క్లబ్బుల్లో రెండూ జరుగుతాయి. మన రాష్ట్రంలో రాష్ట్ర విశ్వవిద్యాలయాల కింద విద్యార్థి యూనియన్ ఎన్నికలు జరిగి మూడు దశాబ్దాలు దాటింది. అందుకని 'కాలేజీలో ఎన్నిక' అనగానే పెద్దవాళ్లకు పాత గొడవలే గుర్తొస్తాయి. ఆ గొడవలు లేకుండా ఎలా జరపాలో చెప్పడానికే మాజీ ప్రధాన ఎన్నికల కమిషనర్ జె.ఎం. లింగ్డో నాయకత్వంలో కమిటీ వేశారు. దాని సిఫార్సులను అమలుచేయమని సుప్రీంకోర్టు 2006 సెప్టెంబరు 22న ఆదేశించింది. అవి యూనియన్ల కోసం రాసినవే అయినా, ముప్పై మంది ఉన్న ఫొటోగ్రఫీ క్లబ్బు కూడా అరువు తెచ్చుకోదగ్గవి మూడున్నాయి. పోటీ చేసేవాళ్లకు 75 శాతం హాజరు ఉండాలి. మొత్తం తంతు పది రోజుల్లో ముగియాలి. ఒక అభ్యర్థి ఖర్చు 5,000 రూపాయలు దాటకూడదు, ఫలితాలొచ్చిన రెండు వారాల్లో లెక్క చూపాలి. మన ఊళ్లో పుట్టినరోజు ఫ్లెక్సీలకే అంతకంటే ఎక్కువ తగలేసే కుర్రాళ్లు ఉన్నారనేది వేరే సంగతి.

ఇక డబ్బు. అందరికీ అనుమానం వచ్చేదీ, ఎవరూ పైకి అడగనిదీ ఇదే. చాలా ఏళ్లపాటు నడిచిన రేటు తీసుకుని లెక్కేద్దాం. రేటు పెరిగినా లెక్కవేసే పద్ధతి మారదు. మామూలు కార్యక్రమాలకు వలంటీరుకు ఏడాదికి 250 రూపాయలు. వంద మందికి 25,000. చూడ్డానికి పెద్ద మొత్తమే. కానీ వంద మంది, ఒక్కొక్కరు 120 గంటలు పనిచేస్తే మొత్తం 12,000 గంటలు. 25,000ను 12,000తో భాగిస్తే గంటకు రెండు రూపాయల ఎనిమిది పైసలు. నిర్వహణ ఖర్చులు కూడా ఇందులోంచే పోవాలి. గునపాలు, మొక్కలు, బ్యానరు, మజ్జిగ, ఆటో కిరాయి అన్నీ ఆ రెండు రూపాయల్లోనే.

శిబిరం లెక్క ఇంకా బిగుతు. ప్రతి వలంటీరూ రెండేళ్లలో ఒక శిబిరానికి వెళ్లాలి, యూనిట్‌లో వంద మంది ఉన్నారు, కాబట్టి ఏడాదికి యాభై మంది వంతు. తలకు 450 రూపాయల చొప్పున 22,500. ఏడు రోజులకు పంచితే మనిషికి రోజుకు 64 రూపాయలు. పొద్దున టిఫిన్, రెండు పూటలా భోజనం, రెండుసార్లు టీ, పడుకునే చోట దీపం, ఊళ్లోకి తిరగడానికి బండి. పలాసలో ఒక పూట హోటల్ భోజనం చేసినవాళ్లకు ఈ అంకె ఏమిటో వేరే చెప్పక్కర్లేదు. అందుకే శిబిరం జరిగే ఊరివాళ్లు బియ్యం ఇస్తారు, ఎవరో కొబ్బరికాయలు దింపిస్తారు, ఎవరి దొడ్లోంచో పనసకాయ కూరకు వస్తుంది. నిజం చెప్పాలంటే మన ఉద్దానం తోటల ప్రాంతంలో ఎన్‌ఎస్‌ఎస్ శిబిరం నడిచేది సగం ప్రభుత్వ డబ్బుతో, సగం ఊరి దొడ్లతో.

ఊరి నుంచి వచ్చిన వస్తువుని కూడా పుస్తకంలో రాయాలా అని అడుగుతారు. రాయాలి. డబ్బు రూపంలో రాకపోయినా 'ఫలానా తేదీ, బియ్యం ఒక బస్తా, గ్రామస్థుల విరాళం' అని ఒక వరుస రాస్తే చాలు. అది రాయనప్పుడే రెండు నెలల తర్వాత "బియ్యం మనమిచ్చాం కదా, మరి సర్కారు డబ్బేమైంది" అనే మాట రచ్చబండ మీద మొదలవుతుంది.

ఎన్‌ఎస్‌ఎస్ ఖాతా బ్యాంకులో విడిగా ఉంటుంది. ప్రిన్సిపాల్, పీఓ ఇద్దరి సంతకాలూ పడితేనే డబ్బు కదులుతుంది. మిగతా క్లబ్బులకు ఇంత ఏర్పాటు ఉండదు. చందాలు వసూలు చేసి కోశాధికారి ఫోన్‌లోకే వేయించుకోవడం ఈ మధ్య మామూలైపోయింది. అందరికీ సులువే. కానీ ఆ పిల్లాడి ఫోన్లో క్లబ్బు డబ్బు, సినిమా టికెట్టు, అన్నయ్య పంపిన ఖర్చులు ఒకే కుండలో పడతాయి. దొంగతనం చేయాలన్న ఉద్దేశం ఏ కోశానా లేని పిల్లలు కూడా అక్కడే దొరికిపోతారు. ఏది ఎవరి డబ్బో నెల తిరిగాక వాళ్లకే తెలియదు. లెక్చరర్ సలహాదారుగా ఉన్న క్లబ్బు అయితే ఆయనకూ, కార్యదర్శికీ కలిపి ఒక ఉమ్మడి పొదుపు ఖాతా తెరవమని ప్రిన్సిపాల్‌ని అడగండి. అది కుదరకపోతే కనీసం వచ్చిన ప్రతి రూపాయీ అదే రోజు పుస్తకంలోకి ఎక్కాలి.

క్యాష్‌బుక్ అంటే భయపడేవాళ్ల కోసం ఒక పేజీ ఎలా ఉంటుందో చెబుతాను. రెండు వందల పేజీల గట్టి అట్ట పుస్తకం కొనండి. ముందుగా పేజీలకు నంబర్లు వేయండి, మధ్యలో చింపితే తెలిసిపోవాలి. ఎడమ పేజీ వచ్చింది, కుడి పేజీ పోయింది. ప్రతి వరుసలో తేదీ, దేనికి, ఎవరికి, ఎంత, బిల్లు నంబరు. నెలాఖరున రెండు వైపులా కూడి, తేడా ఎంతో రాసి, చేతిలో నిజంగా అంత ఉందో లేదో లెక్కపెట్టి ఇద్దరు సంతకం చేయాలి. కొట్టివేతలుంటే ఒక గీత గీసి పక్కన పొడి సంతకం. వైటు పూయకూడదు. అంతే, ఇందులో కామర్స్ చదవాల్సిందేమీ లేదు. కిరాణా కొట్లో ఖాతా పుస్తకం చూసిన ఎవరికైనా వస్తుంది.

బిల్లు ఇవ్వనివాళ్ల సంగతి? ఇది నేను డబ్బు పోగొట్టుకుని నేర్చుకున్న పాఠం. చాలా ఏళ్ల కిందట ఒక శిబిరానికి నేను వంట సామాను బాధ్యుణ్ణి. కాశీబుగ్గ మార్కెట్లో వంకాయలు, బచ్చలి, గుమ్మడికాయలు కొన్నాను. కూరగాయల అమ్మకు బిల్లు పుస్తకం ఎక్కడుంటుంది? 1,160 రూపాయలకు కాగితం లేదని లెక్కలో తీసుకోలేదు, నా జేబులోంచి పోయింది. అప్పుడు నాకు ఎవరూ చెప్పని సంగతి ఏమిటంటే, బిల్లు లేనిచోట వోచరు రాసుకోవచ్చు. వోచరు అంటే ఖర్చుకు మనం రాసుకునే చీటీ. ఏం కొన్నాం, ఎంతకు, ఎవరి దగ్గర అని రాసి, అమ్మినవాళ్ల సంతకమో వేలిముద్రో తీసుకుని, కొన్నవాళ్లూ చూసినవాళ్లూ కింద సంతకం పెడితే అదే ఆధారం. అలాంటి ఖాళీ చీటీలు ఒక కట్ట ఎప్పుడూ సంచిలో ఉండాలి. ఖర్చంతా అయ్యాక వినియోగ పత్రం పంపాలి. ఇచ్చిన డబ్బును ఇచ్చిన పనికే ఖర్చుపెట్టాం అని చెప్పే కాగితం అది. అది పైకి వెళ్లకపోతే మరుసటి ఏడాది డబ్బు కిందికి రావడం కష్టం. 'మా కాలేజీకి నిధులు రాలేదు' అనే ఫిర్యాదుల్లో కొన్నిటి వెనక నిరుడు పంపని ఆ ఒక్క కాగితం ఉంటుంది.

సమావేశాల విషయానికొద్దాం. లెక్క కోసం అరవై మంది సభ్యులున్న క్లబ్బు ఒకటి అనుకుందాం. సమావేశం చెల్లాలంటే కనీసం ఇంతమంది ఉండాలి అని పెట్టుకునే సంఖ్యను కోరం అంటారు. మామూలుగా మూడో వంతు పెట్టుకుంటారు, అంటే ఇరవై మంది. ఇరవై మంది వస్తే అందులో పదకొండు చేతులు లేస్తే తీర్మానం నెగ్గినట్టే. అరవై మంది ఉన్న చోట పదకొండు మంది, అంటే వందకు పద్దెనిమిది మంది, అందరి తరఫునా నిర్ణయం చేసేశారన్నమాట. తప్పా అంటే తప్పు కాదు, రానివాళ్లు రాలేదు. కానీ నియమావళి మార్చడం, చందా పెంచడం, ఒకరిని తీసేయడం లాంటి పెద్ద నిర్ణయాలకు ఆ పదకొండు చాలవు అని ముందే రాసుకోవాలి. వచ్చినవాళ్లలో మూడింట రెండొంతులు అనో, మొత్తం సభ్యుల్లో సగం అనో. మందస నుంచో వజ్రపుకొత్తూరు నుంచో వచ్చే పిల్లలు సాయంత్రం బస్సు అందుకోవాలి. నాలుగున్నరకు పెట్టిన సమావేశంలో ఎప్పుడూ టౌను పిల్లలే మిగులుతారు, నిర్ణయాలూ వాళ్లవే అవుతాయి. కోరం లెక్క కంటే సమావేశం వేళే ఒక్కోసారి ఎక్కువ అన్యాయం చేస్తుంది. మధ్యాహ్నం భోజనం విరామంలో పెట్టుకోవడం మేలు.

జరిగినదాన్ని రాసే పుస్తకం మినిట్స్. ఎవరేం మాట్లాడారో పూసగుచ్చినట్టు రాయక్కర్లేదు. ఏం నిర్ణయించాం, ఎవరు చేయాలి, ఎప్పటిలోగా, ఎంత ఖర్చు. ఈ నాలుగూ ఉంటే చాలు. 'మొక్కలు నాటాలని తీర్మానించడమైనది' అని రాస్తే అది కోరిక. 'నలభై కానుగ మొక్కలు, ఫలానా ముగ్గురు, శనివారంలోగా, 600 రూపాయలకు మించకుండా' అని రాస్తే అది తీర్మానం.

ఇంత కాగితం గోల ఎందుకు, పిల్లల ఉత్సాహం చాలదా? ఈ ప్రశ్నకు జవాబు శీర్షికలో ఉంది. మళ్లీ ఆ అరవై మంది క్లబ్బుకే వద్దాం. మొదటి ఏడాది వాళ్లు ఇరవై, రెండో ఏడాది ఇరవై, మూడో ఏడాది ఇరవై. ఏటా వేసవికి ఇరవై మంది వెళ్లిపోతారు, వానాకాలంలో ఇరవై మంది కొత్తవాళ్లొస్తారు. మూడేళ్లు తిరిగేసరికి పాతవాళ్లు ఒక్కరు కూడా ఉండరు. ఊళ్లో యువజన సంఘం అయితే ముప్పై ఏళ్లయినా అదే మనుషులు. బడి అయితే టీచర్లుంటారు. కాలేజీ క్లబ్బు మాత్రం మూడేళ్లకోసారి పూర్తిగా ఖాళీ అయి మళ్లీ నిండే ఇల్లు. పైగా అధ్యక్షుడు, కార్యదర్శి, కోశాధికారి ముగ్గురూ ఫైనలియర్ వాళ్లే అయితే మూడేళ్లు కూడా అక్కర్లేదు, ఒక్క ఏప్రిల్ చాలు. తాళంచెవి ఎవరి దగ్గరుందో చెప్పేవాళ్లుండరు.

లోకంలో ఇది ఒక్క మనకే వచ్చిన కష్టం కాదు. ఇంగ్లండులో ఆక్స్‌ఫర్డ్ యూనియన్ అనే విద్యార్థుల చర్చా సంఘం 1823లో పుట్టింది. అక్కడ అధ్యక్షుడు ఏడాది కూడా ఉండడు, టర్ముకొకరు మారతారు, అంటే ఏడాదికి ముగ్గురు. అయినా రెండు వందల ఏళ్లుగా నడుస్తోంది. విద్యార్థి కోశాధికారికి పక్కన సీనియర్ కోశాధికారి అని పెద్దవాళ్లలోంచి ఒకరు ఉంటారు. పిల్లలు మారినా నియమాలు, పుస్తకాలు, ఆ పెద్దమనిషి మారరు. మన పీఓ సారు చేయాల్సిన పని అదే. పిల్లలకు బదులు నడపడం కాదు, ఒక బ్యాచి నుంచి ఇంకో బ్యాచికి జారిపోకుండా పట్టుకోవడం.

మన కాలేజీల్లో దీనికి పైసా ఖర్చు లేని ఉపాయం ఉంది. అధ్యక్షుడు మూడో ఏడాది నుంచి, కార్యదర్శి రెండో ఏడాది నుంచి, సహాయ కార్యదర్శి మొదటి ఏడాది నుంచి. అప్పుడు ఏ వేసవిలోనైనా ముగ్గురిలో ఒకరే వెళ్తారు, ఇద్దరు మిగులుతారు. రెండోది, అప్పగింతలు ఫిబ్రవరిలో జరగాలి. మార్చి వస్తే పరీక్షల బెంగ, ఉద్దానం పిల్లలకు తోటలో పిక్కలు ఏరే పని. అప్పుడు ఎవరూ దొరకరు. అప్పగింత అంటే దండలు వేసుకుని ఫొటో దిగడం కాదు. బీరువా తెరిచి, ఉన్నవి ఒక్కొక్కటే లెక్కపెట్టి రాసుకోవడం. గునపాలు ఎన్ని, పారలు ఎన్ని, అందులో పిడి ఊడినవి ఎన్ని, బ్యానర్లు, ప్రథమ చికిత్స పెట్టె, అందులో గడువు తీరిన మాత్రలు, క్యాష్‌బుక్, మినిట్స్, ఖాతా పాస్‌బుక్, గ్రూపుల పాస్‌వర్డులు. ఇచ్చినవాళ్లూ తీసుకున్నవాళ్లూ సంతకాలు పెట్టాలి. కొత్తవాళ్లకు చెప్పాల్సిన అసలు విషయాలు కూడా ఒక పేజీ రాసిపెట్టాలి. దత్తత ఊళ్లో ఎవర్ని కలిస్తే పని అవుతుంది, ఏ వీధిలో నీళ్ల ట్యాంకు తాళం ఎవరి దగ్గర ఉంటుంది, ఎవరు మాటిస్తే నిలబెట్టుకుంటారు. ఆ పేజీ విలువ మిగతా అన్నిటికంటే ఎక్కువ.

ఏడాది కార్యక్రమాల పట్టిక వేసేటప్పుడు విశ్వవిద్యాలయం పంపిన తేదీలతోపాటు మన నేల పంచాంగం కూడా చూడాలి. ఉద్దానంలో మార్చి నుంచి మే దాకా జీడి. అక్టోబరు, నవంబరు తుపానుల కాలం. 2018 అక్టోబరు 11న తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు కొబ్బరి, జీడి తోటలు నేలమట్టమయ్యాయి. కరెంటు పోయింది, ఫోన్లు మూగబోయాయి. వాట్సాప్ గ్రూపులో ఉన్న వంద మంది పేర్లు అలాంటి రోజున ఎందుకూ పనికిరావు. అందుకే ఏ ఊరి నుంచి ఎవరు వస్తారు, ఇల్లెక్కడ, ఎవరికి ఈత వచ్చు, ఎవరి బ్లడ్ గ్రూపు ఏది అన్న జాబితా కాగితం మీద ఉండాలి, ప్లాస్టిక్ కవరులో పెట్టి రెండు చోట్ల దాచాలి. ఎక్కడో మైదానంలోని కాలేజీకి ఇది అదనపు జాగ్రత్త. మన తీరంలో మాత్రం సభ్యత్వ రిజిస్టరులో ఒక అవసరమైన గడి.

ఇంకొకటి మన ప్రాంతానికే ప్రత్యేకం. ఎన్‌ఎస్‌ఎస్ యూనిట్ దత్తత ఊళ్లో ఇంటింటి సర్వే చేయాలి. ఉద్దానంలో ఇల్లు తట్టి ఆరోగ్యం గురించి అడగడం అంటే మామూలు విషయం కాదు. ఇక్కడ క్రియాటినిన్ అనే మాట చదువురాని ముసలమ్మకు కూడా తెలుసు. అది రక్తంలో ఎంత పెరిగితే కిడ్నీలు అంత నీరసించినట్టు. ఈ ప్రాంతాన్ని పీడిస్తున్న, కారణం ఇదీ అని తేలని కిడ్నీ జబ్బు మీద దేశదేశాల వాళ్లు వచ్చి రక్తం తీసుకెళ్లారు, నీళ్లు తీసుకెళ్లారు. 2023 డిసెంబరు 14న పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. ఇన్నేళ్లూ ప్రశ్నలకు జవాబులు చెప్పి చెప్పి జనం విసిగిపోయి ఉన్నారు. ఆ గుమ్మం ముందు ఇరవై ఏళ్ల పిల్ల కాగితం పట్టుకుని నిలబడితే, "ఏటమ్మా, మళ్లీ రాసుకుంటావేటి? రాసి ఏటి చేస్తారు?" అంటారు. ఆ ప్రశ్నకు జవాబు క్లబ్బు దగ్గర ముందే ఉండాలి. అందుకని ఇలాంటి ఊళ్లలో పనిచేసే ఏ క్లబ్బయినా నాలుగు కట్టుబాట్లు మినిట్స్‌లో రాసుకోవాలని నా సలహా. పంచాయతీకి చెప్పకుండా వెళ్లకూడదు. డయాలిసిస్ చేయించుకునేవాళ్ల ఫొటోలు తీయకూడదు, అడిగినా తీయకూడదు. జబ్బు వివరాలున్న కాగితాలు పీఓ బీరువా దాటి పోకూడదు. తేలినదేమిటో ఊరికి తిరిగి వచ్చి చెప్పాలి. చివరిది ఎక్కువమంది మరిచిపోతారు.

క్లబ్బును రిజిస్టరు చేయించాలా అని కొందరు హుషారు పిల్లలు అడుగుతుంటారు. కాలేజీ లోపల, కాలేజీ పేరుతో నడిచేదానికి అక్కర్లేదు. ప్రిన్సిపాల్ ఉత్తర్వు చాలు. చదువులయ్యాక కూడా కలిసి పనిచేయాలని, బయట విరాళాలు తీసుకోవాలని అనుకుంటే అప్పుడు ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం, 2001 ఉంది. కనీసం ఏడుగురు కావాలి. ఏడుగురు దొరకడం సులువే. ఏటా సర్వసభ్య సమావేశం పెట్టడం, కార్యవర్గం జాబితా దాఖలు చేయడం, లెక్కలు రాయించడం అసలు పని. ఉద్యోగాల కోసం ఆ ఏడుగురిలో ఐదుగురు హైదరాబాదుకో బెంగళూరుకో వెళ్లిపోయాక ఆ కాగితాలు ఎవరు చూస్తారో ముందే ఆలోచించుకుని అప్పుడు సంతకాలు పెట్టండి.

ఏదైనా తేడా కనిపిస్తే? ముందు పీఓను అడగండి, తర్వాత ప్రిన్సిపాల్‌ను, ఆపైన విశ్వవిద్యాలయంలోని సమన్వయకర్తను. ప్రభుత్వ కాలేజీ అయితే సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు కూడా పెట్టుకోవచ్చు, ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. కానీ తొంభై శాతం అనుమానాలు పుస్తకం తెరిస్తే తీరిపోయేవే. పుస్తకం తెరవడానికి వెనకాడినప్పుడే దరఖాస్తు దాకా వెళ్లాలి.

కవిటి తల్లికి నేను చివరగా చెప్పింది ఇదే. మీ అమ్మాయి చదువేమీ పాడవదు, వారానికి ఒక పూట పోతుంది. సెప్టెంబరు 24న ఎన్‌ఎస్‌ఎస్ దినోత్సవం జరుపుతారు, తల్లిదండ్రులూ వెళ్లొచ్చు. వెళ్లినప్పుడు స్టేజీ మీది బ్యానరు చూసి ఊరుకోకుండా, పీఓ సారును పలకరించి "ఈ ఏడు క్యాష్‌బుక్ ఒకసారి చూడొచ్చా బాబూ" అని అడగమ్మా అన్నాను.